అంకెలు చూసి వాయించే పిల్లలు

ముందుగా ఈ వరుస చదవండి.

1 2 3 4 5 6 7

ఇవి మనకు తెలిసిన అంకెలే. బస్సు నెంబరు చూసుకోవడానికి, పొదుపు పుస్తకంలో డబ్బు రాసుకోవడానికి, రేషను బియ్యం లెక్క సరిచూసుకోవడానికి ఇవే వాడతాం. కాని ఇదే వరుసను సింగపూర్‌లో ఒక బడిపిల్ల ముందు పెట్టి చూడండి. ఆ పిల్ల లెక్క చెయ్యదు. వాద్యం అందుకుని వాయిస్తుంది. ఆ పిల్లకు 1 అంటే స. 2 అంటే రి. 3 అంటే గ. అట్లా 7 దాకా వస్తే ని.

అంకెలతో పాట రాయడం ఏమిటి? ఆ పిల్లలు ఎవరు? ఎందుకు వాయిస్తారు? ఈ పాఠంలో చదువుదాం.

సింగపూర్ ఎక్కడుంది?

సింగపూర్ చిన్న దేశం. మలేషియా కొసన, సముద్రంలో ఉన్న దీవి. 1965లో అది విడి దేశమైంది. జనం సుమారు 60 లక్షలు. మన హైదరాబాదు జనం కంటే తక్కువే.

అక్కడ నలుగురిలో ముగ్గురు చైనా సంతతివాళ్లు. సంతతి అంటే పిల్లలు, ఆ పిల్లల పిల్లలు. వాళ్ల తాతముత్తాతలు కూలి కోసం, వ్యాపారం కోసం ఓడలెక్కి వచ్చి అక్కడే ఉండిపోయారు. మిగిలినవాళ్లలో ఎక్కువమంది మలయ్‌వాళ్లు, మన దేశం నుంచి వెళ్లినవాళ్లు. అందుకే అక్కడ అధికార భాషలు నాలుగు. మలయ్, చైనా భాష, తమిళం, ఇంగ్లీషు. తెలుగువాళ్లూ ఉన్నారు. 1975లో సింగపూర్ తెలుగు సమాజం అని ఒక సంఘం పెట్టుకున్నారు.

అక్కడి హైస్కూలు పిల్లలు పుస్తకాల చదువుతో పాటు ఇంకో పని కూడా నేర్చుకోవాలి. ఇది తప్పనిసరి. ఆట కావచ్చు, నాట్యం కావచ్చు, పాటల బృందం కావచ్చు. చాలా బళ్లలో చైనా వాద్య బృందం కూడా ఉంటుంది. పేరు చూసి అది చైనావాళ్ల పిల్లలకే అనుకోకండి. ఏ ఇంటి పిల్లయినా చేరవచ్చు.

చేరే పిల్లల్లో చాలామంది అంతకుముందు ఆ వాద్యం ముట్టుకుని ఎరగరు. పన్నెండు, పదమూడేళ్ల వయసులో మొదలుపెడతారు. కొత్తగా పలక పట్టినప్పుడు మన చెయ్యి ఎట్లా వణికిందో, వాళ్ల చెయ్యీ అట్లాగే వణుకుతుంది.

వాద్యాలు

చైనావాళ్ల వాద్యాలు చాలా ఉన్నాయి. అన్నీ చెప్పను. కొన్నింటి సంగతి మాత్రం తప్పకుండా తెలుసుకోవాలి.

బృందంలో ఎక్కువగా కనిపించేది ఎర్హు. దానికి రెండే తీగలు. కింద చిన్న డబ్బా, పైన పొడుగాటి కర్ర. తొడ మీద నిలబెట్టి కమానుతో వాయిస్తారు. కమాను అంటే గుర్రం తోక వెంట్రుకలు బిగించి కట్టిన పుల్ల. మన ఫిడేలుకూ కమాను ఉంది. అయితే ఫిడేలు కమాను తీగల మీద ఆనుతుంది. ఎర్హు కమాను వెంట్రుకలు రెండు తీగల నడుమ ఇరుక్కుని ఉంటాయి. కమానును ఒక పక్కకు ఒత్తితే ఒక తీగ మోగుతుంది. రెండో పక్కకు ఒత్తితే రెండో తీగ మోగుతుంది.

ఇంతేనా? తేలికే అనిపిస్తుంది. కాని ఇందులో ఒక చిక్కు ఉంది. వీణకు మెట్లు ఉంటాయి. ఏ మెట్టు దగ్గర వేలు పెడితే ఏ స్వరమో తెలిసిపోతుంది. ఎర్హుకు మెట్లు లేవు. మెట్లే కాదు, వేలి కింద చెక్క కూడా లేదు. తీగ గాలిలో ఉంటుంది. ఎక్కడ వేలు ఆనించాలో చెవే చెప్పాలి. వెంట్రుకవాసి జరిగినా శ్రుతి తప్పుతుంది. పదిమంది పిల్లలు పది ఎర్హులు పట్టుకుని కూర్చుంటే మొదట్లో ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి. నూతి గిలక పది తీర్ల కిర్రుమన్నట్టు ఉంటుంది.

ఎర్హు డబ్బా మూతికి కొండచిలువ తోలు బిగిస్తారు. కొండచిలువల్ని ఇష్టమొచ్చినట్టు చంపకుండా దేశాలన్నీ ఒక ఒప్పందం చేసుకున్నాయి. అందుకే ఆ తోలున్న వాద్యాన్ని ఒక దేశం నుంచి మరో దేశానికి తీసుకుపోవాలంటే అనుమతి కాగితం కావాలి.

ఒకప్పుడు ఎర్హుకు గౌరవం లేదు. వీధుల్లో బిచ్చమెత్తుకునేవాళ్ల చేతిలో ఉండేది. నాటకాలాడేవాళ్ల వెనక మూలన ఉండేది. చైనాలో ల్యూ తియెన్‌హువా అనే సంగీత పంతులు 1895లో పుట్టాడు. ఎర్హు కోసమే ఆయన 10 పాటలు కట్టాడు. పెద్ద చదువుల బళ్లలో దాన్ని నేర్పాడు. 1932లో, 37 ఏళ్లకే చనిపోయాడు. అయితే అప్పటికే ఎర్హు వీధిలోంచి వేదిక మీదికి వచ్చేసింది.

ఇక దీజి. ఇది వెదురు మురళి. మన మురళి లాగే అడ్డంగా పట్టి ఊదుతారు. కాని ఊదే రంధ్రానికీ వేళ్ల రంధ్రాలకూ మధ్య ఇంకో రంధ్రం ఉంటుంది. దాని మీద పల్చటి పొర అంటిస్తారు. రెల్లు జాతి గడ్డి కాడ లోపల ఉల్లిపొర లాంటి పొర ఉంటుంది చూడండి, అది. ఆ పొర అదిరితేనే దీజికి ఆ జుయ్యిమనే గొంతు వస్తుంది. పొర అంటించడానికి జిగురు ఏం వాడతారో తెలుసా? వెల్లుల్లి రసం కూడా వాడతారు! రెబ్బ తెంచి రంధ్రం చుట్టూ రుద్దితే చాలు. మన వంటింటి వస్తువు అక్కడ కచేరీకి పనికొస్తోంది.

సువోనా చూస్తే మనకు సన్నాయి గుర్తొస్తుంది. ఆకారం అదే, గట్టి గొంతూ అదే. ఇది పడమటి దేశాల నుంచి, పర్షియా వైపు నుంచి చైనాకు చేరింది. అక్కడ దీన్ని సుర్నా అనేవారు. సుర్నా, సువోనా, సన్నాయి. పైకి చదివి చూడండి, చుట్టరికం వినబడుతుంది. చైనా పల్లెల్లో పెళ్లికీ దీన్నే ఊదుతారు, చావుకూ దీన్నే ఊదుతారు.

షెంగ్ అనేది వెదురు గొట్టాల కట్ట. ఊపిరి వదిలినా మోగుతుంది, పీల్చినా మోగుతుంది. మన భజనల్లో హార్మోనియం ఉంది గదా. దాని లోపల ఇత్తడి నాలుకలు అదిరి మోగుతాయి. షెంగ్‌లోనూ అట్లాంటి నాలుకలే. వయసులో షెంగ్ హార్మోనియానికి ముత్తవ్వ.

ఇంకా నాలుగు తీగల పీపా ఉంది. పీపా వాయించేవాళ్లు వేళ్లకు అతుకుడు గోళ్లు పట్టీతో అంటించుకుంటారు. 21 తీగల గుజెంగ్ ఉంది. వెదురు పుల్లలతో కొట్టే యాంగ్‌చిన్ ఉంది. యాంగ్‌చిన్ మన కాశ్మీరు సంతూరుకు చుట్టం. డప్పులు, తాళాలు, గంటలు వెనక వరుసలో ఉంటాయి. బొంగురు గొంతు కోసం యూరప్‌వాళ్ల పెద్ద ఫిడేళ్లు కూడా తెచ్చుకున్నారు.

ఇన్ని వాద్యాలు ఒకచోట కూర్చోబెట్టడం చైనాలో కూడా పాత అలవాటు కాదు. పాతకాలంలో నలుగురో, పదిమందో కలిసి వాయించేవాళ్లు. ఎదురుగా ఒకరు నిలబడి చేతులూపుతుంటే నలభై, యాభైమంది వాయించే పద్ధతి 20వ శతాబ్దంలో వచ్చింది. యూరప్ బృందాలను చూసి కట్టుకున్న పద్ధతి ఇది.

అంకెల పాట

ఇప్పుడు మన అంకెల దగ్గరికి వద్దాం.

నలభైమంది ఒకే పాట వాయించాలి. అందరూ ఒకటే వాయించరు. ఎర్హుకు ఒక వరుస, దీజికి ఒక వరుస, డప్పుకు ఒక వరుస. ఇదంతా నోటితో చెప్పి నేర్పితే ఎన్నాళ్లు పడుతుంది? అందుకని కాగితం మీద రాస్తారు. ఈ రాతను చైనా భాషలో జ్యెన్‌పు అంటారు. అంటే తేలిక రాత అని అర్థం.

ఈ పద్ధతి చైనాలో పుట్టలేదు. 1742లో రూసో అనే ఆయన ఫ్రాన్సు దేశంలో పండితుల ముందు పెట్టాడు. వాళ్లు దాన్ని మెచ్చుకోలేదు. తరవాతివాళ్లు దాన్ని బాగుచేశారు. అది తిరిగి తిరిగి జపాను చేరింది. అక్కడి నుంచి చైనాకు వచ్చింది. పుట్టింట్లో ఆదరణ లేని రాత చైనాలో కోట్లమందికి పాట నేర్పింది.

దీని నియమాలు కొన్నే. నేర్చుకోవడానికి ఒక పూట చాలు.

1 నుంచి 7 దాకా అంకెలు స రి గ మ ప ద ని. అంకె నెత్తిన చుక్క పెడితే హెచ్చు స్థాయి. అంకె కింద చుక్క పెడితే తగ్గు స్థాయి. ఒక్క అంకె ఒక్క దెబ్బ. దెబ్బ అంటే తాళంలో ఒకసారి చప్పట్లు కొట్టినంత సేపు. అంకె పక్కన అడ్డగీత ఉంటే ఆ స్వరాన్ని ఇంకో దెబ్బ దాకా సాగదీయాలి. అంకె కింద గీత ఉంటే సగం దెబ్బలోనే ముగించాలి.

మరి సున్న?

0 అంటే మౌనం. ఆ దెబ్బ అంతా ఏమీ వాయించకూడదు. ఊరుకోవాలి.

ఈ వరుస చూడండి.

1 3 5 – 5 3 1 0

చప్పట్లు కొడుతూ చదవండి. స, గ, ప, ప సాగింది. మళ్లీ ప, గ, స, మౌనం. మొత్తం 8 దెబ్బలు. చదివారా? సింగపూర్ బడిపిల్ల చదివినట్టే మీరూ చదివారు.

సున్న దగ్గర నోరు ఊరుకుందా? చాలామందికి ఊరుకోదు. అక్కడి పిల్లలకూ అంతే. వాయించడం నేర్పడం కంటే ఆపడం నేర్పడం కష్టం. నలభైమంది ఒక్కసారి ఆగాలి. అందులో ఒక్క సువోనా పొరపాటున మోగిందా, సభ అంతా వింటుంది. పెద్ద గుంపులో తప్పు వాయిస్తే దాగవచ్చునేమో. మౌనంలో తప్పు దాగదు.

పండుగకు పోటీ

సింగపూర్‌లో 1967లో ఒక పండుగ మొదలైంది. దాని పేరు యువజనోత్సవం. అంటే పిల్లల, పడుచువాళ్ల పండుగ. విద్యాశాఖ దీన్ని జరుపుతుంది. పాటల బృందాలు, బాకాల బృందాలు, నాటకాలు, చైనా నాట్యం, మలయ్ నాట్యం, మన భారత నాట్యాలు, అన్నీ ఉంటాయి. చైనా వాద్య బృందాలకు అందులో ఒక విభాగం ఉంది. బళ్లు ఎక్కువ కాబట్టి ఒక ఏడు చిన్న బళ్లు, మరో ఏడు హైస్కూళ్లు, ఆ పై కళాశాలలు న్యాయనిర్ణేతల ముందుకు వస్తాయి. న్యాయనిర్ణేత అంటే మంచిచెడ్డలు చూసి తీర్పు చెప్పేవారు.

హైస్కూలు బృందం రెండు పాటలు వాయించాలి. ఒకటి అందరికీ ఒకటే. దాన్ని పైవాళ్లు ఇస్తారు. రెండోది బడి తన ఇష్టప్రకారం ఎంచుకుంటుంది. అందరికీ ఒకే పాట ఎందుకు? ఒకే బియ్యం పదిమందికి ఇచ్చి వండమంటే ఎవరి వంట ఎట్లా ఉందో తెలుస్తుంది గదా. అందుకు.

పాటలన్నీ చైనా నుంచి తెచ్చినవే కావు. సింగపూర్‌వాళ్లు కట్టినవీ ఉన్నాయి. వాంగ్ చెన్‌వే అనే కుర్రవాడు 17 ఏళ్ల వయసులో చైనా వాద్య బృందం కోసం ఒక పెద్ద పాట కట్టాడు. దానికి 2006లో బహుమతి వచ్చింది. పాట పేరు అక్కాచెల్లెళ్ల దీవులు. సింగపూర్ పక్కన నిజంగానే అట్లాంటి రెండు చిన్న దీవులున్నాయి. వాటి గురించి మలయ్‌వాళ్లు ఒక కథ చెప్పుకుంటారు. సముద్రపు దొంగల నాయకుడు చెల్లెలిని బలవంతంగా ఎత్తుకుపోయాడట. అక్క ఆ పడవ వెంట ఈదుకుంటూ పోయి మునిగిపోయిందట. అది చూసి చెల్లెలూ నీళ్లలోకి దూకిందట. వాళ్లు మునిగిన చోట రెండు దీవులు లేచాయట. మలయ్ కథ, చైనా వాద్యాలు, సింగపూర్ కుర్రవాడు. ఈ కలయిక నాకు చాలా నచ్చింది.

పండుగ ఏడు వచ్చిందంటే పిల్లలకు తీరిక ఉండదు. మొదట ఎర్హువాళ్లు ఒక గదిలో, పీపావాళ్లు ఒక గదిలో, దీజివాళ్లు ఒక గదిలో విడివిడిగా సాధన చేస్తారు. తరవాత అందరూ కలుస్తారు. కలిసినప్పుడే అసలు కష్టం. తన వరుస తనకు నోటికొచ్చు. కాని పక్కవాళ్ల వరుస వినబడగానే తాళం తప్పుతుంది. ఇది కోలాటం వేసినవాళ్లకు బాగా తెలుసు. ఒంటరిగా అడుగు బాగానే పడుతుంది. గుండ్రంగా తిరుగుతూ ఎదుటివారి కోలకు తన కోల తగిలించేటప్పుడు తెలుస్తుంది అసలు సంగతి.

వాయించే ముందు అందరూ శ్రుతి కలుపుకుంటారు. చాలాసార్లు షెంగ్ ఒక స్వరం పట్టి ఇస్తుంది. మిగతావాళ్లు తమ తీగల్ని దానికి సరిచేసుకుంటారు. ఎందుకు షెంగే? తీగ వదులవుతుంది, బిగుస్తుంది. షెంగ్ నాలుక అంత తొందరగా మారదు.

వేదిక మీద ఉండేది కొద్ది నిమిషాలే. నెలల తరబడి చేసిన సాధన ఆ కొద్ది నిమిషాల్లో తేలిపోతుంది.

పతకాలు తీసేశారు

చాలాకాలం ఈ పండుగలో పతకాలు ఇచ్చేవారు. బంగారం, వెండి, కంచు. బంగారంలో కూడా పైది ఒకటి, గౌరవ బంగారం అని. ఏ బడికి ఏది వచ్చిందో అందరికీ తెలిసేది. గౌరవ బంగారం వచ్చిన బడికి పేరు. పిల్లలు బడిలో ఇట్లా చేసిన పనులు, సాధించినవి కాలేజీ సీటుకు కూడా కొంచెం కలిసొస్తాయి. అందుకని పిల్లల మీద, పంతుళ్ల మీద బరువు పడేది.

2013లో విద్యాశాఖ పద్ధతి మార్చింది. పతకాలు తీసేసింది. పోటీ అనే మాట బదులు కళా ప్రదర్శన అంది. ఇప్పుడు మూడు రకాల పత్రాలు ఇస్తారు. విశిష్టత పత్రం, సాధన పత్రం, ప్రశంసా పత్రం. ఈ బడి మొదటిది, ఆ బడి రెండోది అని వరుస కట్టరు. ప్రతి బృందాన్నీ ఒక కొలతతో కొలుస్తారు. ఆ కొలత అందుకున్న బళ్లు ఎన్ని ఉంటే అన్నింటికీ ఆ పత్రం ఇస్తారు. పిల్లలు గెలవడం కోసం కాక నేర్చుకోవడం కోసం వాయించాలని ఈ మార్పు చేశారు.

ఇందులో రెండు మాటలున్నాయి. ఒకటి, పేరు మార్చితే పోటీ పోతుందా? విశిష్టత పత్రం పాత బంగారానికి కొత్త పేరే కదా అనవచ్చు. ఆ మాటలో నిజం లేకపోలేదు. మూడు మెట్లు ఉన్నంతకాలం పై మెట్టు మీద కన్ను ఉంటుంది. కొలత లేకపోతే పిల్లలు కష్టపడరని అనేవాళ్లూ ఉంటారు.

రెండోది నాకు ముఖ్యం అనిపిస్తుంది. పక్కవాణ్ణి ఓడించడం వేరు, కొలతను అందుకోవడం వేరు. అక్షరాస్యత పరీక్ష రాసేటప్పుడు మనం ఎవరినైనా ఓడించామా? చదవడం, రాయడం, లెక్క ఒక మేరకు వస్తే అందరం పాసు. పక్కన కూర్చున్నామె పాసయితే మనకొచ్చిన నష్టం ఏమీ లేదు. పైగా ఆమెకు రాని అక్షరం మనం చెప్పవచ్చు. వాద్య బృందంలో ఇది ఇంకా నిజం. ఎర్హువాళ్లలో ఒక పిల్లకు 3 దగ్గర వేలు కుదరకపోతే మొత్తం బృందానికే దెబ్బ. అందుకని వచ్చిన పిల్ల రాని పిల్ల పక్కన కూర్చుని నేర్పాల్సిందే. గొప్ప కోసం కాదు, గత్యంతరం లేక. గత్యంతరం అంటే వేరే దారి.

పతకం ఉన్న రోజుల్లోనూ ఇట్లా నేర్పుకునే ఉంటారు. కాని రాని పిల్లను వెనక వరుసలోకి నెట్టేయాలన్న ఆశ అప్పుడు ఎక్కువ. ఇప్పుడు ఆ ఆశ పూర్తిగా పోయిందని అనను. తగ్గడానికి దారి మాత్రం దొరికింది.

బడి అయిపోయాక ఆ పిల్లల్లో చాలామంది వాద్యం వదిలేస్తారు. వాద్యం బడిదైతే తిరిగి ఇచ్చేయాలి మరి. కొందరు సంఘాల బృందాల్లో చేరి వాయిస్తూనే ఉంటారు. సింగపూర్‌కు 1990ల నుంచి జీతాలిచ్చి నడిపే పెద్ద చైనా వాద్య బృందం కూడా ఉంది. దాకా వెళ్లేది ఏ కొందరో. అంకెలు చూసి పాట చదవడం మాత్రం అందరికీ మిగులుతుంది.

చెప్పండి

ఎర్హు కమానుకూ ఫిడేలు కమానుకూ తేడా ఏమిటి?
దీజి మీద పొర అంటించడానికి ఏం వాడతారు?
2013లో ఏం మారింది? ఆ మార్పు మంచిదేనా? పక్కన ఉన్నవారితో మాట్లాడి మీ మాట చెప్పండి.

చదివి పాడండి

చప్పట్లు కొడుతూ ఈ రెండు వరుసలు పాడండి. సున్న దగ్గర అందరూ ఒక్కసారి ఆగాలి.

1 2 3 0 3 2 1 0
5 – 3 – 2 3 1 0

రాయండి

ఈ స్వరాలను అంకెల్లో రాయండి: స, ప, మ, గ, రి, మౌనం, ని, స.
చివరి స హెచ్చు స్థాయిలో ఉంది. దాని నెత్తిన ఏం పెట్టాలి?